పద్దెనిమిదేళ్ళు నిండిన మర్నాడు



'అనాథ' అన్న మాటకు తల్లిదండ్రులు లేనివాడని వాడుకలో అర్థం చెప్పుకుంటాము. శబ్దార్థం వేరు. నాథుడు, అనగా రక్షకుడు లేనివాడు అనాథ. తెలుగులో దీనికి సరియైన మాట 'దిక్కులేనివాడు'. దిక్కు అంటే ఆశ్రయమూ అవును, నడవవలసిన వైపూ అవును. తల్లిదండ్రులు బ్రతికి ఉండగానే దిక్కులేనివారైన పిల్లలున్నారు. కన్నవారు పోయినా దిక్కు దొరికినవారూ ఉన్నారు. ఈ టపాలో నేను చెప్పదలచిన చరిత్ర ఈ భేదం మీదనే నడుస్తుంది.

మా అమ్మాయి వద్ద మిషిగన్ రాష్ట్రంలో ఆరు నెలలు గడిపిన కాలంలో, అక్కడి గ్రంథాలయం నాకు పగటి నివాసమైంది. అమెరికాలో 'ఫోస్టర్ కేర్' అనే ఏర్పాటు గురించి చదివింది అక్కడే. తల్లిదండ్రులు మరణించినా, పిల్లలను హింసించినా, పోషించలేకపోయినా న్యాయస్థానం ఆ పిల్లలను ప్రభుత్వ సంరక్షణలోకి తీసుకొని, వేరొక కుటుంబంలోనో సంస్థలోనో ఉంచి పెంచుతుంది. దత్తత కాదు కనుక ఇంటిపేరు మారదు, వారసత్వం రాదు. పెంపకం మాత్రమే. అలా పెరిగిన పిల్లవాడు కాలేజీకి వెళ్ళాలంటే ఫీజు ఎవరు కట్టాలి? దరఖాస్తు ఎవరు నింపాలి? సెలవులలో అతడు ఎక్కడికి వెళ్ళాలి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెదకడానికి ఆ దేశానికి ఎంత కాలం పట్టిందో చూద్దాము.

వలసల నాటి పాత పద్ధతి చాలా సూటిగా ఉండేది. దిక్కులేని పిల్లవాణ్ణి ఒక యజమానికి ఒప్పందపత్రం వ్రాసి అప్పగించేవారు. మగపిల్లలకు సాధారణంగా 21 ఏళ్ళు నిండే వరకు గడువు. పిల్లవాడు పని చేయాలి. యజమాని తిండి, బట్ట ఇచ్చి వృత్తి నేర్పాలి. చదవడం, వ్రాయడం నేర్పించాలన్న షరతు కూడా అనేక ఒప్పందాలలో ఉండేది. గడువు తీరి వెళ్ళేనాడు కొత్త బట్టలో, కొంత సొమ్మో, పనిముట్లో ఇచ్చి పంపే ఆచారం ఉండేది. అది దయతో పుట్టిన వ్యవస్థ అనలేము, పిల్లల చాకిరీ మీద నడిచింది. అయినా బయటికి పంపే రోజున వట్టి చేతులతో పంపకూడదన్న స్పృహ అందులో ఉన్నదని గమనించాలి.

19వ శతాబ్దంలో దాతలు ముందుకు వచ్చారు. ఫిలడెల్ఫియాలో స్టీఫెన్ జిరార్డ్ అనే వర్తకుడు 1831లో మరణిస్తూ తన ఆస్తిలో అధిక భాగాన్ని తండ్రి లేని బాలుర విద్యాలయానికి వ్రాశాడు. అది 1848లో ప్రారంభమైంది. పేరు జిరార్డ్ కాలేజీ. పేరులో కాలేజీ ఉన్నా అది పాఠశాలే. పైగా వీలునామాలో తెల్లజాతి బాలురకు మాత్రమే అన్న నియమం ఉంది. న్యాయస్థానాలలో సుదీర్ఘ పోరాటం జరిగిన తరువాత 1968లో గాని నల్లజాతి బాలురు అందులో అడుగు పెట్టలేదు. దాత ఎంత ఉదారుడైనా అతని ఔదార్యానికి సరిహద్దు గీసేవాడూ అతడే. ఈ సంగతి మన దేశానికీ వర్తిస్తుంది. దానికి తరువాత వస్తాను.

న్యూయార్క్‌లో చార్లెస్ లోరింగ్ బ్రేస్ అనే మతబోధకుడు 1853లో 'చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీ'ని స్థాపించాడు. వీధులలో తిరుగుతున్న పిల్లలను రైళ్ళలో పడమటి పల్లెలకు పంపి, రైతుల ఇళ్ళలో పెట్టడం ఆయన యోచన. మొదటి బృందం 1854లో మిషిగన్‌లోని డోవాజియాక్ అనే చిన్న ఊళ్ళో దిగింది. 1929 వరకు సాగిన ఈ ప్రయాణాలలో సుమారు రెండు లక్షల మంది పిల్లలు వెళ్ళారని అంచనా. చరిత్రకారులు వీటిని 'అనాథ రైళ్ళు' అంటారు. నిజానికి ఆ పిల్లలలో చాలామందికి తల్లో తండ్రో ఉన్నారు. ఊరి మందిరంలోనో సభామందిరంలోనో పిల్లలను వరుసగా నిలబెడితే, వచ్చినవారు చూసి ఎంచుకొనేవారు. కొందరికి అమ్మానాన్నలు దొరికారు, కొందరికి కేవలం పొలం పని దొరికింది.

1859లో ఒకే రైలులో ఇండియానాకు వెళ్ళిన ఇద్దరు బాలుర కథ ప్రసిద్ధం. ఒకడు జాన్ గ్రీన్ బ్రాడీ, రెండవవాడు ఆండ్రూ బర్క్. బ్రాడీని టిప్టన్ పట్టణంలోని ఒక న్యాయాధికారి తీసుకువెళ్ళాడు. ఆ బాలుడు పెరిగి యేల్ విశ్వవిద్యాలయంలో చదివి 1874లో పట్టా పొందాడు. 1897 నుండి 1906 వరకు అలాస్కా గవర్నరుగా పని చేశాడు. బర్క్ సైన్యంలో డప్పు వాయించే కుర్రవాడిగా అంతర్యుద్ధానికి వెళ్ళివచ్చి, 1891లో ఉత్తర డకోటా గవర్నరయ్యాడు. ఆ పద్ధతిని సమర్థించేవారు ఈ ఇద్దరి పేర్లూ తప్పక చెప్పేవారు. నాకు మాత్రం ఆ వరుసలో వారి పక్కన నిలబడ్డ మిగతా పిల్లలు గుర్తుకు వస్తారు. అదే రైలు దిగి, చదువు చెప్పించే గుమ్మం ఎక్కనివారు ఏమైనారు? ఎవరి చేయి ఎవరిని పట్టుకొన్నదో దానిని బట్టి యేలా, పొలమా అని నిర్ణయం కావడాన్ని అదృష్టం అంటారు. దానిని విధానం అనరు.

20వ శతాబ్దంలో ప్రభుత్వం రంగంలోకి దిగింది. 1909లో అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ శ్వేతసౌధంలో ఈ పిల్లల గురించి ఒక సదస్సు జరిపించాడు. పేదరికం ఒక్కటే కారణంగా పిల్లలను ఇంటి నుండి విడదీయరాదనీ, విడదీయక తప్పనప్పుడు పెద్ద సంస్థలకన్నా కుటుంబాలే మేలనీ ఆ సభ భావించింది. 1912లో బాలల శాఖ ఏర్పడింది. 1935లో సామాజిక భద్రతా చట్టం వచ్చింది. 1961 నుండి ఫోస్టర్ కేర్ ఖర్చులో కేంద్రం కొంత భరించసాగింది. తిండి, బట్ట, గూడు, బడి ఒక్కొక్కటిగా చట్టంలోకి వచ్చాయి. కాలేజీ రాలేదు.

ఎందుకు రాలేదంటే, సంరక్షణ 18వ ఏట ముగిసిపోయేది. ఇందులో ఒక విచిత్రం ఉంది. 1971లో అమెరికా రాజ్యాంగానికి 26వ సవరణ వచ్చి, 18 ఏళ్ళకే వోటు హక్కు లభించింది. ఆ వెనుకనే చాలా రాష్ట్రాలు వయోజనత్వానికి గడువును 21 నుండి 18కి దించాయి. ఇల్లున్న పిల్లలకు ఇది గౌరవం. ఆ రోజున కేకు కోస్తారు, మర్నాడు ఎప్పటిలాగే అదే కంచంలో అన్నం తింటారు. ప్రభుత్వమే తల్లీతండ్రీ అయిన పిల్లవాడికి మాత్రం ఆ మర్నాడు పదవీ విరమణ వంటిది. హైస్కూలు ఇంకా పూర్తి కాకుంటే 19 వరకు కొంత వెసులుబాటు ఉండేది. తరువాత అతడు వయోజనుడు, స్వతంత్రుడు. నిఘంటువులో స్వాతంత్ర్యానికీ దిక్కులేనితనానికీ చాలా దూరం ఉంది. ఆ పిల్లవాడి విషయంలో రెండూ ఒకే తేదీన వచ్చి పడ్డాయి.

ఇంతకు పూర్వమే ఒక మంచి దారి తెరుచుకొని, మూసుకుపోయింది. 1965లో సామాజిక భద్రతా చట్టాన్ని సవరించి, మరణించిన లేక వికలాంగుడైన లేక వృత్తి విరమించిన ఉద్యోగి సంతానం కాలేజీలో చదువుతూ ఉంటే 22 ఏళ్ళ వరకు నెలనెలా భృతి ఇచ్చారు. తండ్రి బ్రతికి ఉంటే చదివించేవాడు గదా, ఆ పని ప్రభుత్వం చేయాలన్నది అందులోని తర్కం. 1981లో పొదుపు పేరిట దీనిని రద్దు చేశారు. సూసన్ డైనార్‌స్కీ అనే ఆర్థికశాస్త్రవేత్త ఈ రద్దు ఫలితాన్ని పరిశీలించి 2003లో ప్రచురించారు. తండ్రిని కోల్పోయిన పిల్లలలో కాలేజీకి వెళ్ళే అవకాశం మూడో వంతుకు పైగా పడిపోయిందని ఆమె తేల్చారు. దిక్కులేని పిల్లలకు చదువు మీద ఆసక్తి ఉండదని చెప్పేవారికి ఇది జవాబు. సొమ్ము ఆగింది, చదువు ఆగింది.

సరిగ్గా ఆ 1981లోనే, ఫోస్టర్ కేర్‌లో పెరిగిన జోసెఫ్ రివర్స్ అనే ఆయన 'ఆర్ఫన్ ఫౌండేషన్ ఆఫ్ అమెరికా' అనే సంస్థను ప్రారంభించారు. 'ఫోస్టర్ కేర్ టు సక్సెస్' అన్నది తరువాత దానికి వచ్చిన పేరు. ప్రభుత్వం మెల్లగా కదిలింది. 1980ల నడుమ, 16 ఏళ్ళు దాటిన పిల్లలకు సొంతంగా బ్రతకడం నేర్పే కార్యక్రమానికి కేంద్రం నిధులిచ్చింది. ఇల్లు అద్దెకు తీసుకోవడం, వంట, బ్యాంకు ఖాతా వంటివి నేర్పేవారు. 1993లో టెక్సాస్ తన ప్రభుత్వ కళాశాలలలో వీరికి ఫీజు మాఫీ చేసింది. 1999 డిసెంబరులో అధ్యక్షుడు క్లింటన్ సంతకంతో ఈ యువకుల కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. దానికోసం పాటుబడిన సెనేటర్ జాన్ చేఫీ, సంతకానికి రెండు నెలల ముందే కన్నుమూశారు. కార్యక్రమానికి ఆయన పేరే పెట్టారు. 2002 జనవరిలో అధ్యక్షుడు బుష్ సంతకం చేసిన సవరణతో కాలేజీ చదువుకు వోచర్లు వచ్చాయి. ఏడాదికి గరిష్ఠంగా 5,000 డాలర్లు. 2018 సవరణలో వయోపరిమితి 26కు పెరిగింది, మొత్తం అయిదేళ్ళకు మించరాదన్నారు. సొమ్ము పరిమితి మాత్రం అప్పుడూ మారలేదు. కోవిడ్ కాలంలో తాత్కాలికంగా 12,000 డాలర్ల వరకు అనుమతించారు. 2022 సెప్టెంబరుతో అదీ ముగిసింది.

సొమ్ము ఉన్నంత మాత్రాన చేతికి వస్తుందా? నడుమ ఒక దరఖాస్తు ఉంది. అమెరికాలో కేంద్రం ఇచ్చే విద్యా సహాయానికి అందరూ నింపవలసిన ఆ పత్రాన్ని 'ఫాఫ్సా' అంటారు. విద్యార్థిని తల్లిదండ్రుల మీద ఆధారపడినవాడిగా భావించి, వారి ఆదాయం, పన్ను లెక్కలు అడుగుతుంది. ఎన్నడో విడిపోయిన తండ్రి ఆదాయం పిల్లవాడు ఎక్కడి నుండి తెస్తాడు?

ఇది చదివినప్పుడు భారతంలోని కుమారాస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టం మనసులో మెదిలింది. పెంపుడు ఇంట పెరిగిన కర్ణుడు అర్జునుడితో సమానంగా విద్య చూపి నిలబడ్డాడు. కృపాచార్యుడు అతణ్ణి విద్య గురించి ఏమీ అడగలేదు. నీ తల్లిదండ్రులెవరు, నీ కులమేది అని అడిగాడు. కర్ణుడు తల వంచుకున్నాడు. ఉపనిషత్తులో ఇంకొక గురువు ఉన్నాడు. గౌతముడు సత్యకాముణ్ణి గోత్రం అడిగాడు. నా తల్లికి తెలియదు, ఆమె పేరు జబాల, నేను సత్యకామ జాబాలుణ్ణి అని ఆ బాలుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆ నిజమే అర్హతగా గౌతముడు శిష్యునిగా స్వీకరించాడు. ఇద్దరు గురువులూ అడిగిన ప్రశ్న ఒకటే. జవాబు లేనివాణ్ణి ఏమి చేశారన్నదే తేడా.

అమెరికా దరఖాస్తు కృపాచార్యుని పక్షం నుండి గౌతముని పక్షానికి రావడానికి 2007 వరకు ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది వచ్చిన చట్టం ప్రకారం, 13 ఏళ్ళు నిండిన తరువాత ఎప్పుడైనా సరే ఫోస్టర్ కేర్‌లో ఉన్నవారిని స్వతంత్ర విద్యార్థులుగా గుర్తిస్తారు. తల్లిదండ్రుల ఆదాయం చూపనక్కరలేదు. 2009-10 విద్యా సంవత్సరం నుండి ఇది అమలైంది. పైసా అదనంగా ఖర్చు చేసినట్టు కనబడని ఈ చిన్న మార్పు, నా దృష్టిలో వోచర్లకు తీసిపోనిది.

2008లో మరొక చట్టం, రాష్ట్రాలు కోరితే సంరక్షణను 21 వరకు పొడిగించడానికి కేంద్ర నిధులు ఇస్తామన్నది. దీని వెనుక ఒక దీర్ఘ అధ్యయనం ఉంది. మార్క్ కోర్ట్నీ బృందం 2002 నుండి ఇలినాయ్, విస్కాన్సిన్, అయొవా రాష్ట్రాలలో ఏడు వందలకు పైగా యువతీయువకులను 26 ఏళ్ళ వయసు వరకు వెంబడించి చూసింది. ఇలినాయ్‌లో 21 వరకు ఉండనిచ్చేవారు, మిగతా రెండు రాష్ట్రాలలో 18కి పంపివేసేవారు. ఉండనిచ్చిన చోట కాలేజీలో చేరి కనీసం ఒక ఏడాది పూర్తి చేసినవారు హెచ్చుగా కనిపించారు. కాని 26 ఏళ్ళ నాటికి మొత్తం మీద రెండేళ్ళదో నాలుగేళ్ళదో పట్టా చేతికి వచ్చినవారు నూటికి 8 మంది. అదే వయసు సాధారణ యువతలో 46 మంది. చేరడం వేరు, నిలవడం వేరు అని ఈ అంకెలు చెబుతున్నాయి.

నిలవకపోవడానికి కారణాలు అనేకం. తరచు ఇళ్ళు మారడం వల్ల బడులు మారి పునాది చెడడం ఒకటి. ఉద్యోగం చేస్తూ చదవడం ఒకటి. పసితనంలో తగిలిన దెబ్బలు మరొకటి. ఉపాధ్యాయుడిగా నాకు బాగా అర్థమైన కారణం ఇంకొకటి ఉంది. అది సెలవులు.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే రోజులలో, సంక్షేమ వసతిగృహం నుండి వచ్చే పిల్లలు ప్రతి తరగతిలో ఉండేవారు. దసరా సెలవులు ఇస్తున్నారనగానే అందరి మొహాలూ వెలిగేవి. ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడు మాత్రం సెలవులెన్ని రోజులండీ అని రెండుసార్లు అడిగాడు. తల్లీతండ్రీ లేరు, వసతిగృహానికి తాళం వేస్తారు. అక్కడ వంట చేసే ఆమె, మా ఇంటికి రారా అని వెంటబెట్టుకొని పోయింది. తరువాతి మూడేళ్ళూ ప్రతి సెలవుకూ అతడు వెళ్ళింది ఆమె ఇంటికే. ఆ పిల్లవాడు డిగ్రీ దాకా చదివాడు. అతడికి ఉపకార వేతనం ఇచ్చింది ప్రభుత్వం, దిక్కయింది ఆ వంటమనిషి. రెండింటిలో ఏది లేకపోయినా చదువు సాగేది కాదు.

అమెరికా కాలేజీలలో కూడా శీతకాలపు సెలవులకూ వేసవికీ విద్యార్థుల గదులు మూసివేయడం రివాజు. ఈ సంగతిని చట్టంలో స్పష్టంగా వ్రాసింది ఇంగ్లండు. అక్కడ 2000లో వచ్చిన చట్టం ప్రకారం, సంరక్షణలో పెరిగిన విద్యార్థికి సెలవులలో బస లేకపోతే స్థానిక ప్రభుత్వమే చూపాలి, లేదా దానికి సొమ్ము ఇవ్వాలి. అమెరికాలో కళాశాలలే ముందు నడిచాయి. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో 1998లో 'గార్డియన్ స్కాలర్స్' అనే కార్యక్రమం మొదలైంది. ఫీజుతో పాటు, కష్టం వస్తే చెప్పుకోవడానికి ఒక మనిషిని చూపించడం దాని పద్ధతి. 2009లో కాలిఫోర్నియా చట్టం, రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఈ విద్యార్థులకు ఏడాది పొడవునా తెరిచి ఉండే వసతిలో ప్రాధాన్యం ఇవ్వాలన్నది. మిషిగన్‌లోని కలమజూ పట్టణంలో వెస్టర్న్ మిషిగన్ విశ్వవిద్యాలయం 2008లో 'సీటా స్కాలర్స్'ను ఆరంభించింది. ఫోస్టర్ కేర్‌లో పెరిగి, అక్కడే చదివి, ఆచార్యుడైన జాన్ సీటా పేరు దానికి పెట్టారు. 1854లో తొలి అనాథ రైలు దిగిన డోవాజియాక్ ఆ విశ్వవిద్యాలయానికి ఎంతో దూరంలో లేదు. చిన్న దూరమే, నడవడానికి నూట యాభై ఏళ్ళకు పైగా పట్టింది.

మన తోటి బ్లాగరులు సంతోషించే ముచ్చట ఒకటి. ఇంతకు ముందు చెప్పిన ఫౌండేషన్ వారు కాలేజీలో ఉన్న ఈ పిల్లలకు ఏటా పొట్లాలు పంపేవారు. ఫిబ్రవరి పొట్లంలో చేతితో అల్లిన ఎర్రని మెడగుడ్డ పెట్టేవారు. 2000ల దశకంలో అల్లికల గురించి వ్రాసుకొనే బ్లాగరులు దీనిని అందిపుచ్చుకొని, ముక్కూమొహం తెలియని విద్యార్థుల కోసం అల్లి పంపారు. ఊలు గుడ్డ ఫీజు కట్టదు. హాస్టలులో అందరికీ ఇంటి నుండి పొట్లాలు వచ్చే రోజున, తన పేర కూడా ఒకటి వచ్చిందన్న ధైర్యం ఇస్తుంది.

మన దేశంలో వారాలు చేసుకొని చదువుకోవడం ఉండేది. వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క ఇంట భోజనం. అన్నంతో పాటు, ఏమిరా పరీక్ష ఎలా వ్రాశావు అని అడిగే ఏడు గుమ్మాలు దొరికేవి. పదకొండేళ్ళకు తండ్రిని కోల్పోయిన టంగుటూరి ప్రకాశం గారిని తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పోషించగా, గురువు హనుమంతరావు నాయుడు గారు తాను రాజమహేంద్రవరం వెళుతూ వెంట తీసుకువెళ్ళి చదువుకు దారి చూపారు. ఇవి మనం గర్వంగా చెప్పుకొనే కథలు. అయితే వారాలిచ్చే గుమ్మాలు అన్ని కులాల పిల్లలకూ తెరుచుకోలేదు. జిరార్డ్ వీలునామాలోని గీత మన అరుగుల మీద కూడా ఉంది. దయకు ఎంపిక ఉంటుంది. కర్ణునికి దుర్యోధనుడిచ్చిన అంగరాజ్యం లాగా, దయ జీవితాంతం తీరని ఋణం కూడా కావచ్చు. హక్కుకు ఎంపికా లేదు, ఋణమూ లేదు.

మన బాలల న్యాయ చట్టం 2015 కూడా, సంస్థలలో పెరిగి 18 నిండినవారికి 21 ఏళ్ళ వరకు అనంతర సంరక్షణ ఇవ్వవచ్చునన్నది. 2016 నియమాలు అసాధారణ పరిస్థితులలో 23 వరకు అన్నాయి. అక్షరం ఉంది. ఆ అక్షరాన్ని జిల్లా స్థాయిలో పిల్లవాడికి చదివి వినిపించి, దరఖాస్తు దగ్గర కూర్చుని నింపించే మనిషి కావాలి.

ఇంత చరిత్ర చదివాక నాకు మిగిలిన అభిప్రాయం ఇది. ఫీజు ప్రభుత్వమే కట్టాలి, దానిని హక్కుగానే ఇవ్వాలి, ఎవరి దయకూ వదలరాదు. సెలవులకు తెరిచి ఉంచే తలుపు మాత్రం చట్టంతో పాటు మనుషులు కూడా తీయవలసినది. మీ ఊరి వసతిగృహంలో ఇంటర్ చదువుతూ, పద్దెనిమిదో ఏటికి దగ్గరలో ఉన్న పిల్లలెవరో కనుక్కోండి. సంక్రాంతికి వారు ఎక్కడికి వెళతారని అడగండి. వారాలతోనో, ఒక గురువు అండతోనో చదివిన పెద్దలు మీ ఇళ్ళలో ఉంటే ఆ వివరాలు వ్రాయండి. ఆ గుమ్మాల పేర్లు కూడా చరిత్రలోకి ఎక్కవలసినవే.